తిప్పని రీలు

మిట్టమధ్యాహ్నం పన్నెండు... పట్టపగలే కారుచీకటి! దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది. వేళ కాని వేళ గుడ్లగూబ కూసింది.

నల్లటి తెరలు దించిన గది. ప్రొజెక్టరు పక్కన కపాలంతో ఒక మాంత్రికుడు... ఎదురుగా, రెప్ప వాల్చని కళ్ళతో చెల్లెలు!

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఆరు నెలల పసికందును వదిలి తల్లి పోతే, ఈ మాంత్రికుడి ల్యాబులోనే ఫిల్ములు కడిగి పెంచింది తనే.

మాంత్రికుడు తీసేవి మూడేసి నిమిషాల బుల్లి ఫిల్ములు. కథ ఉండదు, మాట ఉండదు. వణికే నీడ, గీతలు పడ్డ వెలుగు, ఎవరిదో అరచెయ్యి... అంతే! కానీ చూపు తిప్పుకోవడం ఎవరి తరం? చెల్లెలు ఒకటి చూసింది, పది చూసింది, తిండీ నిద్రా మానేసింది. చివరికి అతని కెమెరా ముందే కూర్చుంది. రెండు రీళ్ళలో దాని నవ్వునూ మాటనూ లాగేసుకున్నాడు దుర్మార్గుడు! నిన్న తీసిన మూడోది ఇప్పుడు తెర మీద పూర్తిగా ఆడితే ప్రాణమూ అతనిదే.

"మహాక్షుద్రశక్తీ! ఈ కన్యను స్వీకరించు!"

రీలు టకటకమంటూ కదిలింది. తెర మీద చెల్లెలి ముఖం... దాని మీద మరో ముఖం! చంటిబిడ్డను ఎత్తుకున్న స్త్రీ!

"ఎవరే అది? కెమెరాలో కొత్త రీలు ఎక్కించమన్నానుగా!"

"మా అమ్మ," అంది అక్క.

ఆ బుల్లి ఫిల్ముల రీలు మీద ఒక అంచున బొమ్మ తీశాక, తిప్పి రెండో అంచున తీయాలి. తిప్పకపోతే బొమ్మ మీద బొమ్మ పడుతుంది. పదేళ్ళ వయసులో తాను సగం తీసి, తల్లి పోయాక కడిగే ధైర్యం చాలక దాచుకున్న రీలునే అక్క తిప్పకుండా ఎక్కించింది. రీళ్ళు ఎక్కించడం కూలిపని అనుకునే మాంత్రికుడు ఏనాడూ సరిచూసుకోలేదు.

తెర మీది తల్లి తలెత్తింది.

"నా బిడ్డ జోలికొస్తావురా!"

తెర చీల్చుకొచ్చిన చెయ్యి అతని గొంతు పట్టుకుంది. "వద్దు... తల్లీ... ఆఆఆ!" కపాలం ఫెళ్ళున పగిలింది! మాంత్రికుణ్ణి తెర వెలుగులోకి ఈడ్చుకుపోయింది. రీలు అక్కడే ఇరుక్కుని, బల్బు వేడికి బుడగలెత్తి, ఇద్దరితోనూ కరిగిపోయింది.

అక్క ఆ నల్లటి ముద్దను గుండెకు హత్తుకుని బావురుమంది. ఇంట్లో అమ్మ బొమ్మ అదొక్కటే!

చెల్లెలు రెప్పలార్పింది. ఎన్నాళ్ళకో గొంతు పెగిలింది.

"అక్కా... అమ్మ అచ్చం నీలాగే ఉంది."