ఆమె చేతి ఒడిబియ్యం

పసుపు కలిపిన బియ్యపు పళ్లెం నడింట్లో అలాగే ఉండిపోయింది. పీటమీద కొంగు పట్టుకొని కూర్చున్న మేఘ తల ఎత్తడం లేదు. ఆ బియ్యం పోయవలసిన మనిషి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నది...

సౌభాగ్య ఆ తలుపువైపే చూసింది. తాను ఈ ఇంటికి కోడలుగా వచ్చిన నాటినుండి అత్తగారు కమలాక్షమ్మ ఏ శుభకార్యంలోనూ ఇలా తప్పుకొని ఎరుగదు. మామగారు వీరభద్రయ్య పోయిన తరువాత ఇంట్లో ఇదే మొదటి ఒడిబియ్యం. ఆయన చెల్లెలు మహాదేవమ్మ యరగేర నుండి వస్తూనే ఆ సంగతి ఎత్తింది. భర్త లేని స్త్రీ పడుచుపిల్ల ఒడి నింపడం ఎక్కడి పద్ధతని అడిగింది. కమలాక్షమ్మ వాదించలేదు. పళ్లెం కోడలి చేతికిచ్చి, నువ్వే పొయ్యమని చెప్పి వెళ్లిపోయింది.

ఎంత అన్యాయం! రంగూనులో కమలాక్షమ్మ తండ్రికి బియ్యం మిల్లులు, మేడ ఉండేవి. ఆమె కారులో కాన్వెంటుకు వెళ్లేది. సైనికుల తిరుగుబాటు వచ్చి మిల్లులకు తాళాలు పడ్డాయి, మేడ పరులపాలైంది. ఇంకా ఓణీల వయసు దాటని పిల్ల, తల్లితో కలిసి కట్టుబట్టలతో ఓడ ఎక్కింది. ఆ మిల్లులలో బియ్యం చెరిగిన కూలీల కుటుంబాలూ అదే ఓడలో ఉన్నాయి. మద్రాసు రేవులో దిగాక యజమాని బిడ్డ, కూలివాని బిడ్డ ఒకే వరుసలో గంజికోసం నిలబడ్డారు.

ఆ వరుసను కమలాక్షమ్మ మరచిపోలేదు. రాయచూరులో బట్టల దుకాణంవారి కోడలైన తరువాత, పని వెతుక్కుంటూ ఇటువైపు వచ్చిన ఆ కుటుంబాలకు నిలువ నీడ చూపించింది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆడపిల్లలకు, పుట్టింటివారు పోయవలసిన ఒడిబియ్యం తానే పోసింది. మేఘ అవ్వ గిరిజమ్మకు పోసింది. మేఘ తల్లికీ పోసింది. ఇప్పుడా ఇద్దరూ లేరు. మేఘకు పుట్టిల్లంటూ మిగిలినది ఈ గడప ఒక్కటే...

సౌభాగ్య పళ్లెం ఎత్తింది. మేఘ కొంగు ముడుచుకున్నది.

"నీ మీద కోపం కాదు అత్తమ్మా. మా అవ్వ ఒడి నింపింది ఆమెనే, మా అమ్మ ఒడి నింపింది ఆమెనే. నా కాడికొచ్చేసరికి చెయ్యి మారాల్నా? ఆమె పొయ్యకుంటే ఖాళీ ఒడితోనే యరమరస్‌ల మా ఇంటికి పోత."

"జిద్దు చెయ్యకు పిల్లా," అన్నది మహాదేవమ్మ. "నీ మొగుడు కరెంటు ప్లాంటుల బాయిలర్ కాడ పని చేస్తడు. రేపేమన్న అయితే లోకం ఎవర్నంటది? మా వదిననే అంటది. అది నేను వినలేను."

ఇన్నేళ్లలో పెద్దలకు ఎదురు చెప్పని సౌభాగ్య పళ్లెం కింద పెట్టింది. "ఓడల వచ్చినోళ్లకు ఆమెనే పుట్టిల్లు, చిన్నత్తా. పుట్టింటికి ముత్తైదుతనమేంది, విధవతనమేంది? ఇందరి ఒడి నింపింది ఆమె బొట్టు కాదు, ఆమె చెయ్యి."

సౌభాగ్య వంటింటి తలుపు తోసింది. కమలాక్షమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఆ కళ్లలో రోషం లేదు, భయం ఉంది!

"నా పరువు పోతే పోనీ బిడ్డా. ఆ పిల్లకేమన్న అయితే...?"

సౌభాగ్య అత్తగారి చేయి పట్టుకొని నడింట్లోకి నడిపించుకొని వచ్చింది. మహాదేవమ్మ వదిన ముఖంలోని ఆ భయం చూసి, జరిగి చోటిచ్చింది.

"రా వదినా. ఎవరన్న అంటే నన్ను గూడ కలిపి అనమను."

ముడతలు పడిన ఆ చేతులు దోసిలి నిండా బియ్యం తీసుకొని మేఘ ఒడిలో పోశాయి. ఎండుకొబ్బరి, ఖర్జూరాలు, రవికెగుడ్డ పెట్టాయి. కమలాక్షమ్మ పెదవులు కదిలాయి. ఏ దేవుణ్ణి ఏమని వేడుకున్నదో వినబడలేదు.

ఒడి నిండిన ఆడపిల్ల లేచే ముందు, పుట్టిల్లు చల్లగా ఉండాలని పిడికెడు బియ్యం తిరిగి ఇవ్వాలి. సౌభాగ్య పళ్లెం ముందుకు జరిపింది. మేఘ ఆ పళ్లెం వైపు చూడనైనా చూడలేదు. పిడికిలి నింపుకొని లేచి, కమలాక్షమ్మ తెల్లచీర కొంగు తెరచి, అందులో పోసింది.

కమలాక్షమ్మ కొంగు ఒక అంచును గుప్పిట బిగించింది. గింజ నేల రాలకుండా, ఆ కొంగు రెండో అంచును మహాదేవమ్మ పట్టుకున్నది.