తొమ్మిది వందల ఎంబీల సాకు

...నిజం చెప్పేస్తే ఆమె ఇక పిలవదు. అది తెలిసే కదా ఆరు వారాలుగా నోరు విప్పనిది అనుకుంటూ మెట్లెక్కాడు, కింది వీధిలో కంప్యూటర్లు బాగుచేసే అతను. వాన పడుతోంది. గొడుగు షాపులో మరిచాడు. తడిసొస్తే తువ్వాలు ఇస్తుందని మరిచాడా? తన మనసు మీద తనకే అనుమానం.

కంప్యూటర్ బాగుచేయించుకెళ్ళిన మర్నాడే ఆమె షాపుకొచ్చి, "నా లినక్స్ కంప్యూటర్‌లోకి ఏం ఎక్కించారు మీరు?" అని దెబ్బలాడింది. ఆ కోపమే ఇంకా చెవుల్లో తియ్యగా ఉంది.

తలుపు తెరిచిందామె. పుస్తకాలకి అట్టబొమ్మలు వేస్తుంది. చెంపమీద నీలిరంగు.

"చూడండి. బొమ్మలేసే యాప్ చిన్నది. అప్‌డేట్ తొమ్మిది వందల ఎంబీ. పిల్లికూన ఏనుగు మేత అడిగినట్టుంది."

అతను కుర్చీ అంచున కూర్చుని, పనిముట్ల సంచిని ఒళ్ళో డాలులా పట్టుకున్నాడు.

"అడిగేది యాప్ కాదండీ, రన్‌టైమ్. ఒకదాని గొడవ ఇంకోదానికి అంటకుండా ఒక్కో యాప్‌నీ ఒక్కో గదిలో పెట్టి తాళం వేశారనుకోండి. గదిగదికీ వంటగది కట్టలేరుగా. కొన్ని గదులకి కలిపి ఒకటి. అదే రన్‌టైమ్. దాన్ని బాగుచేసినప్పుడల్లా లెక్క పెద్దగా కనపడుతుంది."

"మరి నా దగ్గర రెండు వంటగదులున్నాయేం?"

"మీ స్కానర్ యాప్ పాతది. పాత వంటగది వదలనంటోంది."

"అచ్చం మా అమ్మమ్మ."

"వినపడుతోందే," అంది పక్కగదిలోంచి అమ్మమ్మ.

ఆమె నవ్వింది. ఆ నవ్వుకి అతని లోపల తాళాలన్నీ ఊడిపోయాయి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

"మీ దగ్గర ఒకటి దాచాను. ఆ తొమ్మిది వందలు పై హద్దు మాత్రమే. వంటగదిలో మారని గిన్నెలు మళ్ళీ దిగవు. మారినవే దిగుతాయి. చాలాసార్లు పదో వంతు కూడా ఉండదు. అప్‌డేట్ బటన్ మీరే నొక్కేయొచ్చు. నేను రానక్కర్లేదు."

ఆమె కుంచెని నీళ్ళలో తిప్పుతూనే ఉంది. నీళ్ళు నీలంగా మారాయి.

"తెలుసు. మూడో వారమే నొక్కి చూశాను. ఎనభై ఎంబీ. రెండు నిమిషాలు."

"మరి ఆ తర్వాత కూడా పిలిచారేం?"

"అక్కర్లేదని తెలిసీ మీరెందుకొచ్చారు?"

తను దాచుకున్నదాన్నే ఆమె కూడా దాచుకుందా? ఇన్నాళ్ళూ ఇటువైపు తను, అటువైపు ఆమె, ఒకే తలుపుని పట్టుకుని నిలబడ్డారా?

"నాయనా," అంది అమ్మమ్మ, "వారం వారం ఆ పెట్టెని చూడ్డానికొస్తున్నావా, పిల్లనా? పిల్లనైతే చెప్పు, నీక్కూడా కాఫీ కలుపుతాను. తీరిగ్గా కూర్చో."

ఆమె తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"కలపండి అమ్మమ్మగారూ," అన్నాడతను.

ఆరు వారాలుగా ఒళ్ళోంచి దించని సంచిని తీసి నేలమీద పెట్టాడు.