మాడిన మెంతులు

వంటచేతులు పోపుగరిటె మీద ఆగిపోయాయి. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి రంగు తిరిగింది, మెంతులు ఎర్రబడ్డాయి. అప్పుడే చారులో పడాల్సిన పోపు మరో పదకొండు సెకన్లు నూనెలో మాడింది. ఆ తర్వాత చేతులు మళ్ళీ కదిలి, పోపును గిన్నెలోకి వంచాయి.

సువర్చల అంతసేపూ కళ్ళు మూసుకుంది. చారు పెట్టిన ప్రతిరోజూ, పద్నాలుగేళ్ళుగా ఇదే వరస.

కాకినాడ తీరంలోని ఆ నలభై అంతస్తుల భవనంలో ప్రతి వంటగట్టుకూ ఇలాంటి యంత్రపు చేతుల జత ఒకటి బిగించి ఉంటుంది. ఒకప్పుడు తీరిక లేని ఇళ్ళకు పూటపూటా బర్గర్లూ, నూడుల్సు డబ్బాలూ వచ్చేవి. హస్తముద్ర ఆ అవసరం లేకుండా చేసింది. ఇంట్లో వండేవాళ్ళు ఒక్కరోజు సన్నని తొడుగులు వేసుకుని ఇరవై వంటకాలు చేస్తే చాలు. వంటచేతులు వాళ్ళ చేతివాటమంతా పట్టుకుని, ఆనాటి నుంచి తాజా కూరగాయలతో పన్నెండు నిమిషాల్లో అచ్చం వాళ్ళ వంటే వండిపెడతాయి. వీధి మొగలో ఫాస్ట్‌ఫుడ్ బళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పిల్లలు ఇంటి అన్నం తింటున్నారని అందరూ సంతోషించారు. సువర్చల కూడా సంతోషించింది.

ముద్ర వేసిన రోజు ఆమెకు ఇరవై ఏడేళ్ళు. ఉయ్యాలలో మూడు నెలల లహరి. సరిగ్గా పోపు వేగుతుండగా పాప గుక్కపెట్టింది. ఆమె అటు తిరిగి చూసేసరికి మెంతులు మాడాయి. "ఒకసారి రుచి చూడండి. బాగాలేకపోతే మళ్ళీ చేద్దాం," అన్నాడు తొడుగులు తెచ్చిన ఉద్యోగి. కొత్తగా మొదలుపెట్టే వంట దేవుడికి నైవేద్యం పెట్టకుండా నాలుక మీద వేసుకోవడం ఆమెకు అలవాటు లేదు. "ఫర్వాలేదు, కానివ్వండి," అంది. ముద్ర పడిపోయింది.

మొదట్లో ఆదివారాలు తనే వండేది. లహరికి రెండేళ్ళు నిండకముందే ఎక్కడో ఒక భవనంలో మంటలు రేగాయి, చట్టం మారింది. ముద్రతో నూటికి ఎనభై పాళ్ళు కలిసిన చేతికే పొయ్యి వెలగాలన్నారు. అప్పటికి బిడ్డ కాస్త పెరిగింది, రాత్రుళ్ళు నిద్ర పడుతోంది, సువర్చల చెయ్యి కుదురుకుంది. అదే తప్పయింది. ఆమె గరిటె పట్టుకోగానే పొయ్యి పలక మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. 'అరవై ఒకటి. ఇది ఈ ఇంటి చెయ్యి కాదు.'

ముద్ర మార్పుకు ఏడేళ్ళకొకసారే అవకాశం. మొదటిసారి, "ఉన్నది బాగానే ఉందిగా," అని భర్త గౌరీశంకర్ సంతకం పెట్టలేదు. ఈసారి పెట్టాడు. ఇది తప్పితే మళ్ళీ వచ్చేనాటికి లహరికి ఇరవై ఒకటి.

పరిశీలకుడు వరాహమూర్తి పదిన్నరకు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, సువర్చలనూ గౌరీశంకర్‌నూ కూర్చోబెట్టాడు.

"పొయ్యి మీకు పన్నెండు నిమిషాలు వెలుగుతుందమ్మా. యంత్రం చారు పెట్టేసింది కదా, మీరూ అదే పెట్టాలి. రెండు గిన్నెల్లో మీ చెయ్యి ఏదో సారూ, పాపా చెప్పాలి. ఇద్దరూ మీ గిన్నెనే చూపిస్తే, ఇప్పుడు మీరు పెట్టిన తీరే కొత్త ముద్ర. ఒక్కరు కాదన్నా పాతదే."

"రెండోది యంత్రానిదని పాపకు తెలుసా?"

"తెలియకూడదు. వేరే ఇంటిదనుకుంటుంది. మీరు మాత్రం నోరు విప్పకూడదు."

గౌరీశంకర్ నవ్వాడు. "పదిహేడేళ్ళ కాపురంలో ఆవిడ నోరు మూయించినవారు మీరే మూర్తిగారూ. ఇక ఫలితం ఏదైనా నాకు లాభమే."

"మీరు ముందు చారుకీ పులుసుకీ తేడా చెప్పండి. లాభం సంగతి తర్వాత చూద్దాం," అంది సువర్చల.

పొయ్యి వెలిగింది. పన్నెండేళ్ళ తర్వాత ముఖానికి తగిలిన ఆ సెగకు ఆమె ఒక్క క్షణం వెనక్కి జరిగింది. తర్వాత చేతులు వాటంతటవే కదిలాయి. టమాటాలు పిసికింది, చింతపండు రసం పోసింది, మిరియాలూ ధనియాలూ కచ్చాపచ్చాగా దంచి వేసింది. నూనె కాగాక పోపు వేసింది. మెంతులు ఎర్రబడ్డాయి.

ఇంకొక్క పదకొండు సెకన్లు ఊరుకుంటే లహరి తప్పకుండా గుర్తుపడుతుంది. కానీ కొత్త ముద్ర కూడా ఆ మాడుతోనే పడుతుంది. సువర్చల పోపు చారులో వంచేసింది. సుయ్యిమన్న చప్పుడుతోపాటు ఇంగువ వాసన గదంతా కమ్ముకుంది.

గౌరీశంకర్ రెండు గిన్నెలూ రుచి చూశాడు. ఆమె గిన్నె దగ్గర చాలాసేపు ఆగాడు. "ఇదే," అన్నాడు, వేళాకోళం లేని గొంతుతో. "పెళ్ళయిన కొత్తలో ఇలాగే పెట్టేది. నేను మరిచిపోయాననుకున్నాను."

తర్వాత లోపలి గదిలోంచి లహరిని పిలిచారు. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని తల్లి గిన్నెనే ముందు అందుకుంది. ఒక గుక్క తాగి కనుబొమలు ఎగరేసింది. ఇంకో గుక్క తాగింది.

"బాగుంది. చాలా బాగుంది."

సువర్చల చీర కొంగు బిగించి పట్టుకుంది.

"ఎక్కడ కొన్నారండీ? బయటిదేగా?" అంది లహరి. "చారు మింగాక నాలుక చివర సన్నగా చేదు తగలాలి. ఇందులో అది లేదు. మా అమ్మది కాదు." రెండో గిన్నె తాగి, దాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుంది. "ఇదీ మా అమ్మ! జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని తాగించేది ఇదే."

వరాహమూర్తి వెంటనే రాయలేదు. "ఇంకోసారి రెండూ చూస్తావా తల్లీ? తొందరేం లేదు."

"ఎందుకండీ? మా అమ్మ చెయ్యి నాకు తెలీదా?"

ఆయన తలదించుకుని పలక మీద వేలు నొక్కాడు. పొయ్యి ఆరిపోయింది.

లహరి కళ్ళు తెరిచి, పరుగున వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. "చూశావా అమ్మా, ఒక్క గుక్కలో పట్టేశాను! గెలిచాం కదూ? రేపటి నుంచి నువ్వే వండుతావుగా?"

గౌరీశంకర్ కిటికీ వైపు తిరిగాడు. సువర్చల కూతురి నుదుటి మీద జుట్టు సర్దింది.

"ఇంకాస్త పోస్తాను, తాగు," అని గరిటె తీసుకుని, యంత్రం పెట్టిన చారును ఆ పిల్ల గిన్నె నిండా పోసింది.