ఛాయాసభలో వర్మగారు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో రిహార్సల్ లేకుండా నోరు విప్పేవాళ్ళు చంటిపిల్లలు తప్ప ఎవరూ లేరు. పెళ్ళిచూపులకు వెళ్ళే అబ్బాయి, సెలవు అడగబోయే ఉద్యోగి, అత్తగారి దగ్గర వేరుకాపురం మాట కదపబోయే కోడలు, అందరూ ముందుగా ఇంట్లో ఉన్న పెట్టె ముందు కూర్చునేవారు. పెట్టె ఎదుటి మనిషి నమూనాను తయారుచేసి, ఇలా అడిగితే అలా అంటారని చూపించేది. 2094 నాటికి అది మిక్సీ అంత మామూలు వస్తువైపోయింది.

కాని ఆ పెట్టెకు ఒక్క మనిషే లొంగేవాడు. నలుగురు చేరితే చేతులెత్తేసేది. నలుగురిలో మనిషి తీరే వేరు మరి. ఒకరు తలూపితే పక్కవారికి ధైర్యం, ఒకరు దగ్గితే ఇంకొకరికి అనుమానం. ఈ చిక్కుముడి విప్పింది డాక్టర్ వేదుల కాత్యాయని. ఆమె తయారుచేసిన యంత్రం పేరు ఛాయాసభ. అది ఒక్కొక్కరి బహిరంగ ప్రసంగాల రికార్డుల నుంచి వారి మనోనమూనాను, అంటే ఆలోచనా ధోరణిని పట్టి చూపే న్యూరల్ మోడల్‌ను అల్లుతుంది. ఆ నమూనాలను ఒకదానితో ఒకటి కలిపి, హోలోగ్రామ్ బొమ్మలుగా కుర్చీల్లో కూర్చోబెడుతుంది. గుసగుసలతో సహా సభంతా కళ్ళముందు ప్రత్యక్షమవుతుంది.

ఇక మిగిలింది అనుమతి. విజ్ఞాన మండలి ఒప్పుకుంటే ఛాయాసభ జనంలోకి వెళుతుంది. కాదంటే విప్పేసి గోదాములో పడేస్తారు. కాత్యాయని వయసంతా దానికే ధారపోసింది. అందుకే మండలి ముందు ఇవ్వవలసిన ప్రెజెంటేషన్‌ను ఆమె ఛాయాసభలోనే సాధన చేస్తోంది.

మొదటిసారి పరువు పోయింది. ఛాయా సభ్యులు ఆవలించారు. మండలి అధ్యక్షులు భాస్కరవర్మగారి ఛాయ అయితే సగంలోనే "చూద్దాంలెండి" అని లేచి వెళ్ళిపోయింది. మన కమిటీల్లో ఆ మాటకు అర్థమేమిటో వేరే చెప్పాలా! ఆమెతో కలిసి పనిచేసే శాస్త్రవేత్త ఇమ్మానుయేలు గ్రాఫులు సగానికి సగం పీకేయమన్నాడు. వర్మగారు ఒకప్పుడు తుపాను సహాయ శిబిరాలు నడిపారు కాబట్టి, ఊరు ఖాళీ చేయమని జనాన్ని ఒప్పించే ఉదాహరణతో మొదలుపెట్టమని యంత్రం సలహా ఇచ్చింది. సాధన చేసేకొద్దీ సభ దారికొచ్చింది. చివరకు ఒక రోజు వర్మగారి ఛాయ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇంతకీ మీ యంత్రంలో నేనేమన్నాను?" అని అడిగి, నవ్వి, అనుమతి ఇచ్చేసింది. కాత్యాయని ఎగిరి గంతేసింది.

"ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పకండి మేడమ్," అంది యంత్రం. "మీ నోటితోనే వింటాను సార్ అనండి, చాలు."

"ఆ మాత్రం నాకు తెలీదూ?" అంది కాత్యాయని.

అసలు రోజు రానే వచ్చింది. ఆమె తుపాను మాట ఎత్తగానే వర్మగారు కుర్చీలో ముందుకు జరిగారు. నవ్వుతారనుకున్న చోట నవ్వారు, అడ్డుతగులుతారనుకున్న చోట అడ్డుతగిలారు. వెనక వరుసలో ఇమ్మానుయేలుకు ఒళ్ళు పులకరించింది. కాత్యాయనికైతే కాళ్ళు నేలమీద నిలవడం లేదు. ఇంతలో వర్మగారు కళ్ళజోడు తీశారు. తుడుచుకుంటూ నోరు తెరిచారు.

"మా యంత్రంలో మీరేమన్నారనేగా సార్," అంది ఆమె, ఆయన అడగకముందే. పట్టలేని సంతోషంలో మిగతాదీ కక్కేసింది. "ఇదే ప్రశ్న వేశారండి. ఇలాగే అద్దాలు తుడుచుకున్నారు. తర్వాత నవ్వి, సరే అన్నారు."

హాలంతా గొల్లున నవ్వింది. అందరి కళ్ళూ వర్మగారి చేతిలోని కళ్ళజోడు మీదే. ఆయన మొహం మాడిపోయింది.

"నా సంగతి నాకంటే ముందు దానికి తెలియడమేంటమ్మా? అక్కర్లేదు," అన్నారాయన. అధ్యక్షులే కాదన్నాక మిగతావాళ్ళు ఎవరు అవునంటారు? సాయంత్రానికల్లా తిరస్కరణ ఉత్తర్వు మీద సంతకం చేస్తానని చెప్పి లేచారు.

లాబుకు తిరిగొచ్చి కాత్యాయని కూలబడింది. నోటిదాకా వచ్చిన ముద్దను తన చేత్తోనే నేలపాలు చేశానని తనను తాను తిట్టుకుంది. ఇమ్మానుయేలు ఎంత చెప్పినా కాఫీ ముట్టలేదు. యంత్రానికి మాత్రం ఆ దిగులేమీ లేదు. సంతకం పడేలోపు వర్మగారికి ఫోను చేయవచ్చని, దానికీ సాధన చేద్దామని ఉత్సాహంగా చెప్పింది.

"వాళ్ళందరినీ సరిగ్గానే అంచనా వేశాను మేడమ్. తప్పింది మీ ఒక్కరి దగ్గరే. ఈసారి మీ మనోనమూనా కూడా తీస్తాను. మీరెక్కడ నోరుజారతారో ముందే చెప్పేస్తాను. ఇలా వచ్చి కూర్చోండి."

కాత్యాయని చివాలున లేచింది. "నా సంగతి నాకంటే ముందు నీకు తెలియడమేంటి? అక్కర్లేదు."

ఇమ్మానుయేలు ఆమెను తేరిపార చూసి, ఆపుకోలేక నవ్వేశాడు. ఎందుకో ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ వెంటనే, ఎక్కడి నుంచి వచ్చిందో గాని, గుండెల్లో పెద్ద హుషారు పుట్టుకొచ్చింది. గబగబా ఫోను తీసింది. రెండు నిమిషాలు ఆగితే వర్మగారి ఛాయను సిద్ధం చేస్తానని యంత్రం అంటూనే ఉంది. ఆమె దాని మీట నొక్కి కట్టేసింది.

"సార్, కాత్యాయనినండి. ఇందాక అది నా నమూనా కూడా తీస్తానంది. నాకు ఒళ్ళు మండిపోయిందండి. అలాంటిది, అంతమందిలో మిమ్మల్ని... తప్పు నాదేనండి. ఇంకేం చెప్పాలో నాకు తెలియడం లేదు."

అవతల కాగితాలు పక్కకు జరిపిన చప్పుడైంది.

"ఇదంతా మీ యంత్రం ముందు కూర్చుని నేర్చుకున్నదేనా?" అన్నారు వర్మగారు.

"కాదండి. దాన్ని కట్టేశాను."

"అయితే పెన్ను కింద పెడుతున్నాను. చెప్పండి, వింటాను."