ముందుచూపు మీద దావా

"ముందుచూపు ఎలా పనిచేస్తుందో మామూలు మాటల్లో చెప్పండి డాక్టర్‌గారూ," అంది చందన.

విశాఖ లేబర్ కోర్టులో ఆమె తరఫున లాయరు లేడు. "యంత్రంతో పెట్టుకుని ఎవరు గెలిచారమ్మా!" అని ఆమె అడిగిన లాయర్లంతా చేతులెత్తేస్తే, ఇరవై నాలుగేళ్ల చందన తన కేసు తనే వాదించుకుంటోంది. పోయిన ఉద్యోగం వెనక్కి రావాలి. డ్రోన్లకు ఆకాశంలో దారులు గీసే ఆ పనంటే ఆమెకు ప్రాణం.

బోనులో ఉన్న డాక్టర్ నస్రీన్ ఆ యంత్రాన్ని తయారుచేసిన సైంటిస్టు. "మనిషి మెయిళ్లూ మాటలూ అలవాట్లూ చదివి, ఏడాదిలోపు ఏం చేస్తాడో చెబుతుంది. నూటికి తొంభై నాలుగు నిజమవుతాయి."

"మా కంపెనీలో అయిదువేల మందిమి. అంటే మూడొందల మంది విషయంలో తప్పు చెప్పినట్టేగా?"

"చెప్పినట్టే."

కంపెనీ లాయరు లేచాడు. "యువరానర్! ఈమె కంపెనీ మీద కేసు వేస్తుందని ముందుచూపు చెప్పింది. అందుకే తీసేశాం. వేసింది కదా! ఇంకేం కావాలి?"

కోర్టంతా గొల్లున నవ్వింది.

"గడ్డివాముకు నిప్పుపెట్టి, పొగ వస్తుందని చెప్పానా లేదా అన్నట్టుంది," అంది చందన. నవ్వు ఇటు తిరిగింది. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. యంత్రం మాట నిజమైందని ఆయన రాసుకోవడం ఆమె చూసింది.

వెంటనే హెచ్‌ఆర్ మేనేజర్ పట్టాభిరామ్‌ను బోనులోకి పిలిపించింది. వర్జ్యం చూడందే గడప దాటనివాళ్లుంటారు. ఈయన ముందుచూపును అడగందే టీ కూడా తాగడని ఆఫీసంతటికీ తెలుసు.

"గెలిచే కేసైతే మాటిమాటికీ వాయిదాలెందుకు అడిగారు సార్?"

"ఒంట్లో బాగాలేక..."

"వాయిదా అడిగిన ప్రతిరోజూ పొద్దున్నే ముందుచూపును ఏమడిగారు?"

పట్టాభిరామ్ పైకప్పు చూశాడు. జడ్జిగారి ఆజ్ఞ మీద డాక్టర్ నస్రీన్, ముందుచూపును ఎవరేం అడిగిందీ నమోదయ్యే తన ట్యాబ్ తెరిచింది.

"'ఈరోజు వాదిస్తే ఎవరు గెలుస్తారు?' అని అడిగారు. ప్రతిసారీ ఒకటే జవాబు. చందన."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "లాయరుగారూ, మీ యంత్రం మాట నమ్మమంటారా, వద్దంటారా?"

నమ్మమంటే గెలుపు చందనది. వద్దంటే ఆమెను తీసేయడానికి కారణమే లేదు. లాయరు ఫైలు మూసి కూర్చున్నాడు.

ఆగిన జీతంతో సహా ఉద్యోగం ఇచ్చి తీరాలని తీర్పొచ్చింది. చందన కోర్టు మెట్లు రెండేసి చొప్పున దిగింది.

కంపెనీకి బుద్ధొచ్చింది, తన పద్ధతిలోనే. ఇకముందు ఎవరినైనా అన్యాయంగా తీసేసేదెవరని ముందుచూపునే అడిగింది. అది పట్టాభిరామ్ పేరు చెప్పింది. ఆయన్ని తీసేశారు.

మర్నాడు పొద్దున ఆయన ఆఫీసు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. "అమ్మా చందనా, నేనూ కేసు వేద్దామనుకుంటున్నా. లాయర్లెవరూ ఒప్పుకోవడం లేదు."

"లాయరెందుకు సార్? మీరే వాదించుకోండి. దగ్గరుండి నేర్పిస్తా."

ఆయన మొహం వెలిగింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"లోపలికేగా వెళ్తున్నావు... నేను గెలుస్తానో లేదో దాన్నొకసారి అడిగి చెప్పవూ?"