నాన్న వద్దన్న ఏడాది

వేట నుంచి వచ్చిన చేపలను లోవమ్మ గంపలో సర్దుకుంటోంది. సామర్లకోట వెళ్ళే మొదటి బస్సు అందుకోవాలి. అంతలో ప్రొబేషన్ ఆఫీసరు వెంకటరమణ గుమ్మం ముందు బండి ఆపాడు.

"ఈసారైనా మీవాణ్ణి ఇంటికి తెచ్చుకుంటారా అమ్మా?"

లోవమ్మ చేతులు ఆగిపోయాయి. పదహారేళ్ళప్పుడు ఆటలో గొడవపడి, పక్క వీధి సూరమ్మ కొడుకును కర్రతో కొట్టాడు ఆమె కొడుకు యుగంధర్. ఆ కుర్రాడికి ఒక కన్ను పోయింది. యుగంధర్‌ను మూడేళ్ళు రాజమండ్రిలోని బాలల హోమ్‌లో ఉంచమంది కోర్టు. రెండేళ్ళు గడిచాయి.

"ఈసారైనా ఏంటండి? వదలనిది మీరే కదా?"

"అయ్యో, పోయినేడే పంపుతామన్నామండి. కుర్రాడి నడవడిక బాగుంది, మిగతా కాలం ఇంట్లో ఉంచుకోండి, నెలనెలా నేనొచ్చి చూసుకుంటానన్నాను. మీ ఆయనే వద్దన్నారు. ఇంట్లోవాళ్ళే వద్దంటే ఎక్కడికి పంపుతామండి?"

గోడవారన వల కుట్టుకుంటున్న గంగయ్య తల ఎత్తలేదు.

ఆఫీసరు బండి మలుపు తిరిగేదాకా లోవమ్మ ఓర్చుకుంది.

"మీ అమ్మ పోయేముందు మనవడేడే, మనవడేడే అని ఒకటే కలవరించింది. గవర్నమెంటోళ్ళు వదల్లేదత్తా అన్నాను. ప్రాణం పోతున్నదానికి నా నోటితో అబద్ధం చెప్పించావా?"

"సూరమ్మ రోజూ మన గుమ్మం ముందునుంచే నీళ్ళకెళ్తుంది. ఆవిడ కళ్ళముందు ఈణ్ణెలా తిప్పనే?"

"నేను పడట్లేదా ఆవిడ తిట్లు? ఆడు చేసినదానికి కోర్టు శిక్షేసింది. రెండో ఏడు మాత్రం నువ్వేశావు. నీకు సిగ్గేసిందని ఆడు లోపలుండాలా?"

గంగయ్య వల పక్కన పెట్టాడు. లేచి చొక్కా తొడుక్కున్నాడు. చేపలు పక్కింటివాళ్ళకు అప్పజెప్పి లోవమ్మ వెంట నడిచింది.

హోమ్‌లో యుగంధర్ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బాగా పొడుగయ్యాడు.

"కూర్చోరా," అన్నాడు గంగయ్య.

వాడు వార్డెన్ వైపు చూశాడు. ఆయన తల ఊపాక బల్ల అంచున కూర్చున్నాడు.

గంగయ్య వాడి పక్కన కూర్చున్నాడు. "నిన్ను పంపొద్దన్నది నేనేరా."

"తెలుసు నాన్నా. ఆఫీసరు సారు అప్పుడే చెప్పారు."

లోవమ్మ నిర్ఘాంతపోయింది. నెలనెలా వచ్చి వీడి ముందే గవర్నమెంటును శాపనార్థాలు పెట్టేది. వీడు తల వంచుకుని వినేవాడు.

"మరి నాతో ఒక్క ముక్క అనలేదేంట్రా?"

"చెప్తే నువ్వు నాన్నని వదిలేసి వెళ్ళిపోతావనుకున్నానమ్మా."

గంగయ్య కొడుకు రెండు చేతులూ లాక్కుని మొహానికి అదుముకున్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. యుగంధర్ చేతులు విడిపించుకోలేదు. వాడి చూపు మాత్రం, ఇలా ఉండొచ్చో లేదో తెలియనట్టు, వార్డెన్ మీదే ఉంది.