మొక్కు పొట్టేలు, మూడో సంబంధం

శ్రావణమాసం తుంపర పడుతోంది. పెనుకొండ పశువుల ఆసుపత్రికి ఒక అమ్మాయి పొట్టేలును తాడు కట్టి లాక్కొచ్చింది. నిజం చెప్పాలంటే పొట్టేలే ఆమెను లాక్కొచ్చింది.

"దీనికి బీజం నొక్కల్లప్పా," అంది కాంపౌండరు చెన్నకేశవులుతో.

అతను పొట్టేలును చూశాడు. మెడలో గవ్వల దండ, నుదుట పసుపు.

"ఇంత ముద్దుగా సాకినావు. నొక్కించి మగతనం తీస్తే కొవ్వు పట్టి సంతలో మంచి రేటుకు పోతాదనా?"

ఆమె మొహం ఎర్రబడింది. "నొక్కమంటే తీర్పు చెబుతాండావే."

పొట్టేలుకూ ఆ మాట నచ్చలేదేమో, వెనక్కి జరిగి వచ్చి అతని మోకాలికి ఒక్క కుమ్ము కుమ్మింది.

"బుడ్డోడా, చాల్లే," అంటూ ఆమె నవ్వు దాచుకుంది.

చెన్నకేశవులు మోకాలు పట్టుకున్నాడు. "ఇంటి పెద్దోళ్ళు వచ్చి చెప్పల్ల. లేకుంటే డాక్టరు ఒప్పుకోడు."

"వాళ్ళకు చెప్పేట్లుంటే ఈ వానలో దొంగగా యాల వస్తాను?"

తాడు లాక్కొని వెళ్ళిపోయింది. ఆ మాట అతనికి అర్థం కాలేదు.

కొన్నాళ్ళకు గొర్రెలకు సూదులు వేయడానికి ఎర్రమంచికి పోయాడు. ఒక ఇంటి గడప మీద బుడ్డోడు పడుకొని నెమరేస్తున్నాడు. ఆ అమ్మాయి అతన్ని చూసి చటుక్కున లోపలికి తప్పుకుంది. వాళ్ళవ్వ కుళ్ళాయమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

"యా ఊరప్పా మీది?"

"చిలమత్తూరవ్వా. జయరాముని కొడుకును."

"అట్లయితే మనోళ్ళే."

పొట్టేలు మాట ఎత్తితే అవ్వ కథంతా చెప్పింది. తల్లి గొర్రె చచ్చిపోతే మనవరాలు నీలావతే సీసాతో పాలు పట్టి సాకిందట. నీలావతికి పెండ్లి కుదిరితే ఆ పొట్టేలునే బలి ఇస్తానని అవ్వ గంగమ్మకు మొక్కుకుందట.

"రెండు సంబంధాలొచ్చె. ఒకని ముక్కు వంకరంట. ఇంగొకడు నడిస్తే చెప్పులు టపటపమంటాయంట. చెప్పులు టపటపమనక సన్నాయి వాయిస్తాయా?"

లోపల ఏదో గిన్నె గట్టిగా పడింది.

చెన్నకేశవులుకు అప్పుడు తెలిసింది. పెండ్లి కుదిరితే బుడ్డోని మెడకు కత్తి. బీజం నొక్కిన పొట్టేలు అమ్మవారికి పనికిరాదు. అందుకే ఆమె వానలో వచ్చింది.

దొడ్లో నీలావతి గొర్రెలను పట్టిస్తుంటే సూదులు వేస్తూ అన్నాడు. "ఆ పొద్దు తప్పుగా మాట్లాడితి."

"మోకాలు బాగయిందా?"

"బాగయింది. దొంగతనంగా నొక్కితే మాత్రం అవ్వ బతికినన్నాళ్ళు భయపడతా ఉంటాది. అది నా చేత కాదు. నువ్వే అడుగు."

"వద్దంటే?"

"వద్దంటే నువ్వు ఇట్లే వంకలు చెబుతా కూర్చోవల్ల. దాంతో నాకూ కష్టమే."

"నీకేం కష్టం?"

అతను తల వంచుకొని సూది తుడుచుకున్నాడు. ఆమె గొర్రెను వదిలేసి నేరుగా అవ్వ దగ్గరికి పోయి, మొక్కు మార్చుకోమంది.

అవ్వ మజ్జిగ చెంబు కింద పెట్టింది. "మాట తప్పితే నీకు కీడొస్తాది బిడ్డా."

"నాకే కదా. నేను పడతాలే."

"నోరు ముయ్యి." అవ్వ బుడ్డోని వైపు చూసింది. వాడు ఆమె కొంగు నములుతున్నాడు. "మొక్కింది నేను. ఆ తల్లికి వీనికి బదులు నా ఇష్టమే ఇస్తా. ఇంగ బతికినన్నాళ్ళు ముక్క ముట్టను."

ఎర్రమంచిలో కుళ్ళాయమ్మ అంత ఇష్టంగా మాంసం తినే మనిషి లేదు. నీలావతి కళ్ళు తుడుచుకుంది.

ఇంకెవరూ బుడ్డోన్ని బలికి అడగకుండా బీజం నొక్కించేద్దామని సోమవారం ముగ్గురూ ఆసుపత్రికి వచ్చారు. అంటే బుడ్డోనితో కలిపి. డాక్టరుతో అవ్వే చెప్పింది, తల కూడా అవ్వే పట్టుకుంది. ఇనుప పట్కారు పడ్డప్పుడు బుడ్డోడు ఒక్క అరుపు అరిచాడు. ఆ తర్వాత నీలావతి చేతిలోని శెనక్కాయ కట్టె మేస్తూ నిలబడ్డాడు.

"ఒక గండం గడిచె," అంది అవ్వ. "ఇంగ మూడో సంబంధం యాడ ఎతకల్లనో."

చెన్నకేశవులు పట్కారు కింద పెట్టాడు. "యాడికీ పోవల్సిన పన్లేదవ్వా. ఈడనే ఉండాది. మా నాయనను పిలిపిస్తా."

అవ్వ అతన్ని కింద నుంచి పై దాకా చూసి మనవరాలి వైపు తిరిగింది. "వీనికేం వంక చెబుతావో ఇప్పుడే చెప్పు."

నీలావతి పొట్టేలు వీపు నిమురుతూ ఆలోచించింది. "చేతులు మందు వాసనొస్తాండాయి."

"ఇంగ?"

"ఇంగేం లేదు. కడుక్కుంటే పోతాది."

చెన్నకేశవులు సబ్బు కోసం లోపలికి పోయాడు.